ఎయిర్‌షిప్ ఫొటోకి ఏది మేలు: బోడెన్‌సే సరస్సా, గుడ్‌ఇయర్ స్థావరమా, మోఫెట్ ఫీల్డా?

ఎయిర్‌షిప్ (హీలియం నింపిన గాలి ఓడ) ఫొటో కావాలని టికెట్ కొని అందులోనే ఎక్కి కూర్చుంటే సరస్సు పడుతుంది, ద్రాక్షతోటలు పడతాయి, ఎయిర్‌షిప్ మాత్రం పడదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది నేల మీద ఎక్కడ నిలబడాలన్నది. పెద్ద ఎయిర్‌షిప్‌ను తీరిగ్గా చూడగలిగే చోట్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఇక్కడ పోలుస్తున్నవి మూడు: జర్మనీలో బోడెన్‌సే ఒడ్డున ఉన్న ఫ్రీడ్రిష్‌హాఫెన్, అమెరికాలో టైర్ల కంపెనీ గుడ్‌ఇయర్ ఎయిర్‌షిప్ స్థావరాలు, కాలిఫోర్నియాలోని మోఫెట్ ఫీల్డ్ విమానాశ్రయం. ఒక్కసారే వెళ్లే వీలుంటే మా ఓటు ఫ్రీడ్రిష్‌హాఫెన్‌కే. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో కాపురం ఉంటే మాత్రం లెక్క మారుతుంది.

మొదటి రెండు చోట్లా కనిపించేది ఒకే రకం: జెప్పెలిన్ ఎన్‌టీ. పొడవు 75 మీటర్లు, ఇంజన్లు మూడు, తోకకు తిరగేసిన వై ఆకారంలో మూడు రెక్కలు. గుడ్‌ఇయర్‌ది జనం నోట్లో ఇప్పటికీ బ్లింపే. అసలు బ్లింప్‌కు లోపల అస్థిపంజరం ఉండదు, వాయువు ఒత్తిడితోనే ఆకారం నిలుస్తుంది. గుడ్‌ఇయర్ దగ్గర అలాంటి చివరిది 2017లోనే రిటైరైంది. ఎన్‌టీలో కార్బన్ ఫైబర్ త్రికోణాలు, వాటిని కలుపుతూ మూడు పొడవాటి అల్యూమినియం దూలాలు ఉంటాయి. పక్క నుంచి ఎండ వాలుగా పడినప్పుడు తెల్ల తొడుగు మీద ఆ దూలాల గీతలు లీలగా తేలతాయి. నడినెత్తి ఎండలో తీస్తే ఆ గీతలుండవు, ఉత్త తెల్ల దోసకాయ మిగులుతుంది.

ఫ్రీడ్రిష్‌హాఫెన్ ఎందుకంటే, అక్కడ ఇది బస్సు సర్వీసు లాంటిది. సుమారు మార్చి నుంచి నవంబరు దాకా, వాతావరణం బాగుంటే రోజుకు పలుమార్లు టూరిస్టులతో ఎగురుతుంది. ఒక ట్రిప్పు చెడినా ఇంకోటి వస్తుంది. మిగతా రెండు చోట్లా ఈ భరోసా లేదు. శరదృతువులో సరస్సు మీద పొగమంచు పట్టుకుంటే మధ్యాహ్నం దాకా వదలదు కాబట్టి మే నుంచి సెప్టెంబరు మధ్య పెట్టుకోండి.

అక్కడ తప్పకుండా చూడాల్సింది ప్రయాణికులు మారే ఘట్టం. డజను మంది ఒక్కసారిగా దిగిపోతే దాదాపు 900 కిలోల బరువు తగ్గి ఓడ పైకి లేచిపోతుంది. అందుకే ఇద్దరు దిగాకే ఇద్దరు ఎక్కుతారు, మళ్లీ ఇద్దరు దిగుతారు. అంతసేపూ ప్రొపెల్లర్లు తిరుగుతూ ఓడను నేలకు పట్టి ఉంచుతాయి. గొండోలా (ప్రయాణికులు కూర్చునే గది) కింది చక్రం గడ్డి మీద అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. విమానాశ్రయం కంచె బయటి నుంచి 200-300 ఎంఎం లెన్స్‌తో ఈ దృశ్యం చక్కగా వస్తుంది. బయల్దేరేటప్పుడు ముక్కు బాగా పైకెత్తి ఎక్కుతుంది, ఎక్కువమంది మిస్సయ్యే షాట్ అదే. గొండోలా తలుపు మూసుకోగానే కెమెరా కంటికి ఎత్తండి.

ఆల్ప్స్ పర్వతాలు వెనక రావాలనుకునేవాళ్లకు ఒక చిక్కుంది. పర్వతాలు సరస్సుకు దక్షిణాన ఉన్నాయి, ఊరు ఉత్తరాన. మధ్యాహ్నం సూర్యుడు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఓడ నల్లటి నీడలా వస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీయాలి. మార్క్‌డార్ఫ్ దగ్గర గేరెన్‌బెర్గ్ కొండ సుమారు 754 మీటర్ల ఎత్తు, పైన చూపు బురుజు ఉంది. సరస్సు నీటిమట్టం 395 మీటర్లు. ఓడ నేల నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తున ఎగురుతుంది. అంటే బురుజు మీద నుంచి ఓడ మీ కళ్లకు ఎదురుగానో కాస్త కిందో కనిపిస్తుంది. కాకపోతే దూరం ఎక్కువ. 8 కిలోమీటర్ల అవతల 75 మీటర్ల ఓడ 400 ఎంఎం లెన్స్‌లో సెన్సర్ మీద 3.75 మిల్లీమీటర్లే. గాలి తేటగా ఉన్న రోజు చిన్న ఓడ, పెద్ద కొండలు అనుకుని వెళ్తేనే నిరాశ ఉండదు.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: ఓడ పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి దూరంతో భాగించడమే. ఎన్‌టీ కిలోమీటరు దూరంలో ఉంటే 400 ఎంఎంకు 30 మిల్లీమీటర్లు వస్తుంది, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి ఇంచుమించు నిండినట్టే. నెత్తి మీదుగా 300 మీటర్ల ఎత్తున పోతుంటే 100 ఎంఎం చాలు.

గుడ్‌ఇయర్ వింగ్‌ఫుట్ ఓడలు మూడు, స్థావరాలు మూడు: ఒహాయోలో సఫీల్డ్, ఫ్లోరిడాలో పాంపనో బీచ్, కాలిఫోర్నియాలో కార్సన్. అక్కడ మామూలు జనానికి టికెట్లు అమ్మరు, ఆహ్వానం ఉండాలి. నేల మీద నుంచి చూడడానికైతే కార్సన్ సులువు, 405 ఫ్రీవే పక్కనే. ఓడ ముక్కును మాస్ట్‌కు (కట్టేసే స్తంభానికి) కట్టి ఉన్నప్పుడు గాలి ఎటు వీస్తే అటు ముక్కు తిప్పుకుంటుంది. పొద్దున తోక మాత్రమే కనిపించిందని వెనుదిరగొద్దు, మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్లాక పక్కవాటం మీకే తిరగొచ్చు. స్టేడియం మ్యాచుల మీద ఎగిరేటప్పుడు ఒకే చోట చుట్లు కొడుతుంది, ఒక చుట్టులో పోయిన ఫ్రేమ్ తర్వాతి చుట్టులో దొరుకుతుంది. డ్రోన్ మాత్రం ఎగరేయకండి: పెద్ద స్టేడియం మ్యాచుల చుట్టూ 3 నాటికల్ మైళ్ల మేర అమెరికాలో నిషేధం. ఓడల రిజిస్ట్రేషన్ నంబర్లు ఎన్1ఏ, ఎన్2ఏ, ఎన్3ఏ; విమానాల ట్రాకింగ్ యాప్‌లో వాటితో వెతికితే ఓడ ఎక్కడుందో తెలుస్తుంది.

మోఫెట్ ఫీల్డ్‌లో ఉన్నది పాత్‌ఫైండర్ 1. గూగుల్ సహవ్యవస్థాపకుడు సెర్గీ బ్రిన్ డబ్బుతో ఎల్‌టీఏ రీసెర్చ్ కంపెనీ కట్టిన ఈ ఓడ పొడవు 124.5 మీటర్లు. నాలుగు తోక రెక్కలు, 12 విద్యుత్ మోటార్లు, లోపల 13 హీలియం సంచులు. గొండోలా మాత్రం జెప్పెలిన్ వాళ్లు చేసిందే. హ్యాంగర్ (ఓడను నిలిపే షెడ్డు) బయట తాళ్లు లేకుండా మొదటిసారి ఎగిరింది 2024 అక్టోబరులో. ఇది ప్రయోగ దశ ఓడ, టైంటేబుల్ లేదు. సన్నీవేల్, ఫ్రీమాంట్‌లలో ఉండే మనవాళ్లకు ఇది ఇంటి పక్క విషయం. విమానమెక్కి వచ్చేవాళ్లకు జూదం. బేలో మధ్యాహ్నం గాలి పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే ఆశ ఎక్కువ. సన్నీవేల్ వైపు బే ట్రెయిల్ నడక దారి మీద నిలబడితే ఉదయపు ఎండ వీపు వెనక ఉంటుంది. 1930ల్లో అమెరికా నౌకాదళపు 239 మీటర్ల ఎయిర్‌షిప్ మేకన్ కోసం కట్టిన హ్యాంగర్ వన్ కూడా ఫ్రేమ్‌లోకి వస్తే పాత్‌ఫైండర్ ఎంత చిన్నదో, ఎంత పెద్దదో రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

ఎక్కడ తీసినా చెడేది ఎక్కువగా షట్టర్ దగ్గరే. నిమిషానికి 1,200 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ 1/1000 సెకనులో 7 డిగ్రీలే కదులుతుంది, ఫొటోలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. 1/125లో 58 డిగ్రీలు తిరిగి చక్కటి విసనకర్ర అవుతుంది. కానీ గంటకు 65 కిలోమీటర్ల ఓడ కిలోమీటరు దూరంలో అడ్డంగా పోతుంటే, 400 ఎంఎం లెన్స్‌తో, కెమెరా కదపకుండా 1/125కి తీస్తే 24 మెగాపిక్సెల్ సెన్సర్ మీద దాదాపు 10 పిక్సెళ్లు అలుక్కుపోతుంది. కంటికి నత్తనడకలా ఉన్నా ఓడతో పాటు కెమెరా తిప్పాల్సిందే. ఫోకస్ నున్నటి తొడుగు మీద పెడితే వెతుక్కుంటూనే ఉంటుంది. అక్షరాల అంచు, గొండోలా, తోక రెక్క, వీటిలో ఒకటి పట్టుకోండి. నీలాకాశంలో తెల్ల ఓడకు ఎక్స్‌పోజర్ పావు, అర స్టాప్ తగ్గించండి. మబ్బు కమ్మితే ఒక స్టాప్ పెంచాలి, లేకపోతే ఓడ బూడిద రంగుకు తిరుగుతుంది.

ఇవన్నీ అయ్యాక ఎక్కాలనిపిస్తే ఫ్రీడ్రిష్‌హాఫెన్‌లోనే ఎక్కండి. గాల్లో ఉండగా సీట్లోంచి లేచి తిరగనిస్తారు. లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే విప్పేయండి, ప్లాస్టిక్ అద్దం మీద ఇంద్రధనుస్సు మచ్చలు తెస్తుంది. నల్ల చొక్కా వేసుకుని లెన్స్ హుడ్‌ను అద్దానికి దగ్గరగా పెట్టండి, తాకించొద్దు, ఇంజన్ల వణుకు కెమెరాకు ఎక్కుతుంది. నీళ్ల మీద ఓడ నీడ కావాలంటే సూర్యుడు లేని పక్క కిటికీ దగ్గర నిలబడాలి.