గుంటూరులో విదేశీ చదువుల కన్సల్టెన్సీ: ఫారాలకు సరే, వ్యాసానికి కాదు

మా అమ్మాయి అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి దరఖాస్తు చేయడానికి గుంటూరు బ్రాడీపేటలోని ఒక కన్సల్టెన్సీ సేవలను నాలుగు నెలల పాటు వాడుకున్నాం. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫారాలు నింపడం, సిఫార్సు లేఖలు వేళకు తెప్పించడం, ఫీజుల గడువులు గుర్తుచేయడం వంటి పనుల్లో వారికి వంక పెట్టలేం. చిక్కంతా వ్యాసం దగ్గర, అందులోనూ దాని నిడివి దగ్గర వచ్చింది.

అమెరికాలో వందలాది కళాశాలలు స్వీకరించే కామన్ యాప్ దరఖాస్తులో ప్రధాన వ్యాసం 250 పదాలకు తగ్గకూడదు, 650కి మించకూడదు. ఈ రెండు అంకెల్లో కన్సల్టెన్సీవారికి రెండోది మాత్రమే కనిపించినట్టుంది. వ్యాసాలు దిద్దే గదిలో గోడకు ‘650 పదాలు తప్పనిసరి’ అని ఒక కాగితం కూడా అంటించి ఉంది. ఇంటర్ పరీక్షల్లో అడిషనల్ షీట్లు అడిగి తీసుకుని దారంతో కట్టి ఇచ్చిన తరం మాది. ఎంత రాస్తే అన్ని మార్కులన్న నమ్మకం మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందో నాకు తెలియనిది కాదు. కాని డబ్బు తీసుకుని సలహా చెప్పేవారు కూడా అదే నమ్మకంతో ఉంటే ఎలా?

అమ్మాయి మొదట రాసినది 480 పదాలు. సెలవుల్లో తాతయ్య వెంట మిర్చి యార్డుకు వెళ్లినప్పుడు, ఆయన టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి సరుకు ఎంత ఎండిందో చెప్పేవారు. తాను అవే కాయలను ఇంటికి తెచ్చి వంటింటి త్రాసులో తూచి, నాలుగు రోజులు ఎండబెట్టి మళ్లీ తూచేది. పదకొండుసార్లలో మూడుసార్లు తాతయ్య లెక్క తప్పిందని, ఆ మూడూ ముసురు పట్టిన రోజులేనని నోటుపుస్తకంలో రాసుకుంది. వ్యాసంలోని విషయం ఇదే. దిద్ది పంపిన ప్రతిలో 648 పదాలున్నాయి. మొదట్లో కలాంగారి సూక్తి ఒకటి, చివర్లో నాయకత్వ లక్షణాల మీద ఒక పేరా కొత్తగా చేరాయి. గింజల గలగల పోయి, ఆ చోట ‘తాతయ్యకు అపారమైన అనుభవం ఉంది’ అన్న వాక్యం వచ్చింది. పెరిగిన 168 పదాల్లో మా అమ్మాయి గురించి కొత్తగా తెలిసేది ఒక్కటీ లేదు.

ఖాళీ వదిలితే ఆసక్తి లేదనుకుంటారని వారి వాదన. 250 పదాలకే ఆపేస్తే చాలామంది పిల్లల విషయంలో చెప్పవలసింది మిగిలిపోతుందని నేనూ ఒప్పుకుంటాను. 500 దాటడం చాలాసార్లు అవసరమే అవుతుంది. అక్కడి నుంచి రాసే ప్రతి వాక్యానికీ ఒక పని ఉండాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దరఖాస్తులో ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాలకు మించకుండా రాయాలి. అంత చిన్న చోటును నిండుగా వాడుకోమన్న కన్సల్టెన్సీవారి సలహా సరైనదే.

బ్రిటన్ విషయంలో మాత్రం పొరపాటు మరీ పెద్దది. అక్కడి విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా చేసే యూకాస్ దరఖాస్తులో లెక్క పదాల్లో ఉండదు, ఖాళీలతో కలిపి 4,000 అక్షరాలు. అమెరికా వ్యాసం దాదాపు ఆ కొలతకే వస్తోందని దాన్నే పెట్టేయమన్నారు. 2026లో చేరేవారి నుంచి యూకాస్‌లో ఒక్క వ్యాసం స్థానంలో మూడు ప్రశ్నలు వచ్చాయి. ఒక్కోదానికి కనీసం 350 అక్షరాలు ఉండాలి. పైగా ఆ ప్రశ్నలు అడిగేది ఆ కోర్సే ఎందుకు, దానికి ఎలా సిద్ధమయ్యారు అని. తాతయ్య, మిరపకాయలు అక్కడ మూడో ప్రశ్నలో రెండు వాక్యాలకు మించి ఇమడవు.

మేం తీసేయమన్న సూక్తి పేరాను కామన్ యాప్‌లోని ‘అదనపు సమాచారం’ గడిలో పెడదామన్నారు, అదొక అడిషనల్ షీటు అన్నట్టు. ఆ గడి పరిమితిని 2025–26 నుంచి 650 పదాల నుంచి 300కు తగ్గించారన్న సంగతి వారికి నేనే చెప్పవలసి వచ్చింది.

వ్యాసానికి విడిగా కట్టిన 6,000 రూపాయలు తిరిగి ఇవ్వలేదు గాని, అడిగితే దిద్దేవారిని మార్చారు. కొత్తగా వచ్చినావిడ మొదటి ప్రతిని తెప్పించుకుని చదివి, ముసురు రోజుల గురించి ఇంకో నాలుగు వాక్యాలు రాయమని అమ్మాయికే చెప్పారు. 531 పదాలతో పంపించాం. మా చిన్నవాడి వంతు వచ్చినప్పుడు ఫారాల పనికి మళ్లీ అక్కడికే వెళ్తాం; వ్యాసం మాత్రం ఆవిడ చేతికైతేనే ఇస్తాం. మొన్న రసీదు కోసం వెళ్లినప్పుడు చూస్తే గోడ మీది కాగితం అలాగే ఉంది.