క్యూట్ లిస్ట్‌వ్యూ: సెలెక్షన్, స్క్రోలింగ్ దగ్గర ఎలా ఉందంటే

లాగ్ ఫైళ్లు (ప్రోగ్రాములు తాము చేసిన పనుల్ని లైన్లు లైన్లుగా రాసుకునే ఫైళ్లు) చూసుకునే డెస్క్‌టాప్ టూల్ ఒకటి రాశాను, దాని బాగోగులు కూడా నేనే చూస్తాను. అందులో దాదాపు పనంతా ఒక్క లిస్టులోనే జరుగుతుంది. లక్షల లైన్లు ఉంటాయి, వాడేవాళ్లు మౌస్ జోలికి పోరు. అందుకే లిస్ట్ కంట్రోల్‌లో, అంటే తెర మీద లిస్టు చూపించే రెడీమేడ్ భాగంలో, నేను రెండే చూస్తాను. ప్రోగ్రామ్ నుంచి ఒక లైన్ సెలెక్ట్ చేస్తే అచ్చంగా ఏం జరుగుతుంది? చదువుతున్న మనిషి కళ్ల ముందు నుంచి లిస్టు జారిపోకుండా ఉంటుందా? మొదటిదాంట్లో క్యూట్ (Qt, డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కట్టే టూల్‌కిట్) వాళ్ల లిస్ట్ కంట్రోల్ క్యూలిస్ట్‌వ్యూకి పూర్తి మార్కులు వేస్తాను. రెండోదాంట్లో సగమే.

2005లో క్యూట్ 4తో మోడల్/వ్యూ పద్ధతి (డేటా మోడల్ దగ్గర ఉంటుంది, దాన్ని తెర మీద చూపించేది వ్యూ) వచ్చినప్పటి నుంచీ ఇందులో సెలెక్షన్‌కి విడిగా ఒక ఆబ్జెక్ట్ ఉంది: క్యూఐటమ్‌సెలెక్షన్‌మోడల్. దాంట్లో 'కరెంట్' వేరు, 'సెలెక్టెడ్' వేరు. కరెంట్ అంటే కీబోర్డ్ నిలబడి ఉన్న లైన్. బాణం కీ నొక్కితే కదలిక అక్కడి నుంచే మొదలవుతుంది. సెలెక్టెడ్ అంటే రంగు పడిన లైన్లు, అవి ఎన్నైనా ఉండొచ్చు. సెలెక్షన్ మోడల్ మీద సెలెక్ట్ పిలిస్తే రంగు పడుతుందంతే. కరెంట్ కదలదు, లిస్టు జరగదు. అదే వ్యూ మీద సెట్‌కరెంట్‌ఇండెక్స్ పిలిస్తే కరెంట్ మారుతుంది, మామూలు మోడ్‌లలో రంగూ పడుతుంది, ఆ లైన్ కనబడేలా వ్యూ తనే జరుపుకుంటుంది. విండో ఇంకా తెరుచుకోకముందే పిలిచినా పరవాలేదు, తెరుచుకోగానే అక్కడికి వెళ్తుంది. ఏది పిలిస్తే ఏది కదులుతుందో ఇంత స్పష్టంగా ఉండటం పెద్ద సుఖం.

మిగతా చోట్ల ఇలా లేదు. జావా వాళ్ల టూల్‌కిట్ స్వింగ్‌లోని జేలిస్ట్‌లో సెట్‌సెలెక్టెడ్‌ఇండెక్స్ పిలిచాక ఎన్‌ష్యూర్‌ఇండెక్స్‌ఈజ్‌విజిబుల్ కూడా మనమే పిలవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల డబ్ల్యూపీఎఫ్ లిస్ట్‌బాక్స్‌లో స్క్రోల్‌ఇంటువ్యూకి లైన్ నంబర్ ఇవ్వడం కుదరదు, ఆబ్జెక్టే ఇవ్వాలి. ఒకే స్ట్రింగ్ రెండుసార్లు ఉంటే ఏది కావాలో ఎలా చెబుతాం? లాగ్‌లో అది రోజూ ఉండే సంగతే. ఇలాంటిదే ఇంకో టూల్‌కిట్ జీటీకే 4 అయితే 2020 చివర్లో వచ్చింది కానీ, దాని లిస్ట్‌వ్యూకి నేరుగా స్క్రోల్‌టు ఫంక్షన్ 2023లో 4.12తో గానీ రాలేదు.

ఇక స్క్రోలింగ్. వెతుకులాటనే తీసుకోండి. ఎఫ్3 నొక్కితే 'ఎర్రర్' అన్న మాట ఉన్న తర్వాతి లైన్‌కి పోవాలి. స్క్రోల్‌టుకి ఏమీ చెప్పకపోతే ఎన్‌ష్యూర్‌విజిబుల్ పద్ధతి వాడుతుంది. అంటే ఎంత తక్కువ జరిపితే కనబడుతుందో అంతే జరుపుతుంది. దొరికిన లైన్ తెర అడుగున అంచుకి అంటుకుని కూర్చుంటుంది. ఎర్రర్ తర్వాత ఏం జరిగిందన్నదే కదా చూడాల్సింది, ఆ లైన్లు అంచు కిందే ఉండిపోతాయి. పోనీ ప్రతిసారీ పొజిషన్‌ఎట్‌సెంటర్ ఇద్దామంటే, పక్కపక్కనే ఉన్న రెండు ఫలితాల మధ్య కూడా తెర మొత్తం గెంతుతుంది, కళ్లు పట్టు తప్పుతాయి. నాకు కుదిరిన పద్ధతి ఇది: లైన్ ఇప్పటికే పూర్తిగా కనబడుతుంటే కదపను, లేకపోతే మధ్యకి తెస్తాను. విజువల్‌రెక్ట్ (తెర మీద ఆ లైన్ ఉన్న చోటు) వ్యూపోర్ట్ (లిస్టులో కనబడుతున్న భాగం) లోపల ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. అయితే ఆ కొలత సెట్‌కరెంట్‌ఇండెక్స్ కన్నా ముందే తీసుకోవాలి. తర్వాత తీస్తే అప్పటికే వ్యూ జరిగి ఉంటుంది, ప్రతిసారీ 'కనబడుతోంది' అనే జవాబొస్తుంది.

కొత్త లైన్లు వచ్చిపడుతున్నప్పుడు ఇంకో చిక్కు. అడుగున ఉన్నవాళ్లకి లిస్టు తనంతట తాను కిందికి పోవాలి, పైన చదువుకుంటున్నవాళ్లని కదపకూడదు. లైన్లు చేరబోయే ముందు మోడల్ పంపే కబురు, అంటే రోస్‌అబౌట్‌టుబిఇన్సర్టెడ్ సిగ్నల్ దగ్గర స్క్రోల్‌బార్ చివర్లో ఉందా అని చూసుకుని, ఉంటేనే లైన్లు చేరాక స్క్రోల్‌టుబాటమ్ పిలిస్తే సరిపోతుంది. ఇక్కడిదాకా హాయి. కానీ ఫైల్ పెరిగిపోతోందని పైన పాత లైన్లు కోసేస్తే, స్క్రోల్‌బార్ అదే అంకె మీద ఉంటుంది, తెర మీద కనబడే లైన్లు మారిపోతాయి. ఐటమ్ లెక్కన స్క్రోల్ అయ్యే మోడ్‌లో, కోసిన లైన్లెన్నో అంత ఆ అంకెలోంచి తగ్గించి మనమే సర్దాలి. ఈ పని వ్యూ చెయ్యాల్సింది, నాది కాదు.

లైన్ తీసేసినప్పుడు కరెంట్ ఎటు పోతుందన్నది చాలామంది పట్టించుకోరు, కీబోర్డ్ వాడేవాళ్లకి మాత్రం అదే ప్రాణం. ఒక్క లైన్‌నే ఎంచనిచ్చే సింగిల్ సెలెక్షన్‌లో కరెంట్ లైన్‌ని తీసేస్తే వ్యూ కింది లైన్‌కి వెళ్తుంది. షిఫ్ట్, కంట్రోల్ కీలతో చాలా లైన్లు ఎంచనిచ్చే ఎక్స్‌టెండెడ్‌లో పై లైన్‌కి వెళ్తుంది, పైగా రంగు పడదు. డిలీట్ కీ వరసగా నొక్కుతూ పోయేవాళ్లకి ఇది చాలా ఇబ్బంది. తీసేశాక కరెంట్‌ని నేను కోరుకున్న చోట పెట్టేలా సొంతంగా నాలుగు లైన్లు రాసుకున్నాను. మీరూ రాసుకోండి.

వేగం గురించి క్లుప్తంగా. లైన్లన్నీ ఒకే ఎత్తు ఉంటే సెట్‌యూనిఫామ్‌ఐటమ్‌సైజెస్ తప్పకుండా పెట్టండి, లేకపోతే ప్రతి ఐటమ్‌కీ సైజు అడుగుతూ కూర్చుంటుంది. వేల లైన్లు ఒకేసారి సెలెక్ట్ చెయ్యాలంటే లూప్ వద్దు. మొదటి ఇండెక్స్ (మోడల్‌లో లైన్ చోటుని చెప్పేది), చివరి ఇండెక్స్ కలిపి ఒక క్యూఐటమ్‌సెలెక్షన్‌గా ఇస్తే సిగ్నల్ ఒక్కసారే వస్తుంది. సార్టింగ్‌లో మోడల్‌ని రీసెట్ చెయ్యకండి, సెలెక్షన్ మొత్తం పోతుంది. వరస మారిందని చెప్పే లేఅవుట్‌చేంజ్డ్ సిగ్నల్ దారిలో వెళ్లి, పర్సిస్టెంట్ ఇండెక్సులు (లైన్ ఎక్కడికి జరిగినా దాన్నే పట్టుకుని ఉండేవి) సరిచేస్తే, ఎంచుకున్న లైన్లు ఎక్కడికి పోయినా రంగు వాటి వెంటే పోతుంది.

ఒకే సెలెక్షన్ మోడల్‌ని రెండు వ్యూలకి ఇవ్వగలగడం నాకు చాలా ఇష్టం. ఎడమన క్లుప్తంగా లిస్టు, కుడిన అదే మోడల్‌కి టేబుల్. ఒకదాంట్లో ఎంచితే రెండోదాంట్లోనూ పడుతుంది, దానికోసం ఒక్క లైన్ కోడ్ కూడా రాయక్కర్లేదు. కంట్రోల్ ఎంచుకునే దశలో ఉన్నవాళ్లు ముందు ఇదొక్కటి చేసి చూడండి. క్యూట్ వాళ్లని అడిగేది కూడా ఒక్కటే ఉంది: పైన లైన్లు చేరినా పోయినా ఇప్పుడు కనబడుతున్న లైన్‌ని అక్కడే పట్టి ఉంచే మోడ్ ఒకటి వ్యూలోనే పెట్టండి.