బాత్రూమ్ ఈగలకి ‘ఏడాది గ్యారంటీ’ అంటే నమ్మకండి, నేను నమ్మి రూ.2,500 పోగొట్టుకున్నాను

ఆ పురుగుల మందు కొట్టే అతని పేరు రాయను. భీమవరం వాళ్లకి రాయక్కర్లేదు కూడా. స్కూటీ వెనక పచ్చ డబ్బా, చొక్కా మీద బొద్దింక బొమ్మ, రెండు మాటలకోసారి ‘మేడంగారండీ’. మన వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారి ఎవరో ఒకరు అతని కార్డు పెడుతూనే ఉంటారు. నేనూ అలా చూసే పిలిచాను.

వానలు మొదలైన దగ్గర్నుంచీ బాత్రూమ్ గోడల మీద ఆ నల్ల ఈగలు. ఈగనాలో దోమనాలో తెలీదు. కుట్టవు, చప్పుడు చెయ్యవు. బొచ్చు రెక్కలు పరుచుకుని టైల్సుకి అతుక్కుని కూచుంటాయి. చేత్తో నొక్కితే బూడిద రాసినట్టు మరక. దోమల స్ప్రే కొట్టాం, ఫినాయిల్ పోశాం, రెండ్రోజులు తగ్గి మళ్లీ మామూలే. వరలక్ష్మీ వ్రతం దగ్గరికొస్తోంది, పేరంటాళ్లు వస్తారు, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లి ఇవి చూస్తే ఎలాగని టెన్షన్. అదీ సంగతి.

వచ్చాడు. చూశాడు. “డ్రెయిన్ ట్రీట్‌మెంట్ చెయ్యాలండి” అన్నాడు. మా మావయ్యగారు పేపర్లోంచి తలెత్తకుండా “యనమదుర్రుకా?” అన్నారు. మన వైపు డ్రెయిన్ అంటే ఊళ్లో పారే ఆ పెద్ద మురుగు కాలవే కదా. నేనే ఆయన్ని ఊరుకోమని సైగ చేశాను. అప్పుడే ఆయన మాట వినుంటే బావుండేది.

ట్రీట్‌మెంట్ అంటే ఏంటనుకున్నారు? పది పన్నెండు నిమిషాలు గోడలకి మందు కొట్టడం. తూము మీద జాలీ కూడా ఎత్తలేదు. అదేంటని అడిగితే “ఆవిరే లోపలికి దిగిపోద్దండి” అన్నాడు. నమ్మాను. బీఎస్సీ జువాలజీ అండి నేను. గుడ్డు, లార్వా, ప్యూపా అంటూ ఈగ జీవితచక్రం బొమ్మ గీసి పదికి తొమ్మిది తెచ్చుకున్నదాన్ని. ఆ చదువంతా ఆ పూట ఎటు పోయిందో.

అతని డబ్బా మీద లేబుల్ లేదు. మావయ్యగారికి రొయ్యల చెరువుంది, మందుల డబ్బాలు ఆయనకి కొత్త కాదు. పేరు, విషం ఎంతుందో చెప్పే రంగు త్రికోణం లేని డబ్బాని గుమ్మం ఎక్కనివ్వరు. “ఏం మందు బాబూ?” అంటే “ఫారిన్‌దండి” అని సమాధానం. పోతూ పోతూ మా పెరటి కుళాయి కింద డబ్బా కడిగేసి ఆ నీళ్లు కాలవలోకి వదిలేశాడు. ఇలాంటి మందులు చాలావాటికి చేప గానీ రొయ్య గానీ ఆగదు. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న నేల నిండా చచ్చిన ఈగలు. చీపురుతో ఊడ్చి, ఫొటో తీసి, ‘సూపర్ సర్వీస్’ అని గ్రూపులో పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. అది చూసి అతన్ని పిలిచిన ముగ్గురూ నన్ను క్షమించండి.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాయి. నాలుగు ఫోన్లు ఎత్తలేదు. ఐదోది ఎత్తి, సరిగ్గా వ్రతం ముందురోజు సాయంత్రం వచ్చాడు. హాల్లో పక్కింటి పిన్నిగారు, ఎదురింటావిడ, మా ఆడపడుచు కూచుని తోరాలు కడుతున్నారు. గోడ చూసి నవ్వాడు.

“గ్యారంటీ కార్డు ఇచ్చారుగా, మళ్లీ కొట్టండి” అన్నాను.

“ఉందండి, కాదన్లేదు. ఆ రోజున్నయి చచ్చాయా లేదా?”

“చచ్చాయి.”

“మరింకేటండి. ఇయి కొత్తయండి. కొత్తవాటికి కొత్త బిల్లండి.”

నాకు నోట మాట రాలేదు. అందరికీ వినపడేలా ఇంకోటి కూడా అన్నాడు. “ఇల్లు నీటుగా ఉంచుకుంటే అసలియ్యి ఎందుకొత్తాయండి.” మా గోదావరి జిల్లాల్లో తిట్టు కూడా ‘అండి’ తోనే వస్తుంది, తగిలేదీ అందుకే. వంటింట్లోంచి మా అత్తగారు బయటికొచ్చి నిలబడ్డారు. సింకులో ఒక్క మెతుకుంటే రాత్రి నిద్రపోని మనిషి. ఏమీ అనలేదు, మళ్లీ లోపలికెళ్లిపోయారు. ఎదురింటావిడ తోరం ముడి వైపు మరీ శ్రద్ధగా చూస్తోంది. అతనెళ్లిపోయాక కూడా చాలాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. పోయిన రెండువేల ఐదొందలకంటే ఆ కాసేపే నాకు ఎక్కువ మండుతోంది.

ఇంకా మండేదేంటంటే, వాడన్నది నిజం! అవి కొత్తవే. గోడ మీద వాలేవి ఎలాగూ సుమారు రెండు వారాలే బతుకుతాయి. అసలు సంసారమంతా తూము గొట్టం లోపల. సబ్బు, వెంట్రుకలు, గంజి కలిసి గొట్టం గోడకి పట్టే నల్లటి జిగురు పాచిలో గుడ్లు పెడతాయి. రెండ్రోజుల్లో పొదుగుతాయి, ఆ పాచి తింటూ పురుగులు పెరిగి, రెండు మూడు వారాల్లో మళ్లీ ఈగలు. గోడకి ఎంత కొట్టినా లోపలి పురుగుకి చుక్క కూడా తగలదు. అది వాడికి బాగా తెలుసు. తెలిసే కార్డు మీద ‘ఏడాది గ్యారంటీ’ అని రాసిచ్చాడు.

చివరికి దారి చూపించింది మా వీధి ప్లంబర్. పడుకునే ముందు ప్రతి తూము మీదా టేపు, జిగురు వైపు కిందికి ఉండేలా, గాలి ఆడేందుకు కొంచెం సందు వదిలి అంటించమన్నాడు. పొద్దున్నకి కింది బాత్రూమ్ టేపుకి రెండే ఉన్నాయి. మేడ మీద దానికి ఇరవై పైన. మా అబ్బాయి జూన్‌లో హైదరాబాద్ వెళ్లినప్పట్నుంచీ అందులో ఎవరూ నీళ్లు పొయ్యలేదు, ట్రాప్, అంటే తూము కింద నీళ్లు నిలిచే వంపు, ఎండిపోయింది. అందులో నీళ్లుంటేనే కదా కింది నుంచి వచ్చేవాటికి అడ్డం. జాలీ ఎత్తితే... వద్దులెండి, అన్నం తినే టైము. పొడుగు బ్రష్షుతో అరగంట రుద్ది వేణ్ణీళ్లు పోశాడు. సలసల కాగే నీళ్లు ప్లాస్టిక్ గొట్టాల్లో పొయ్యొద్దన్నాడు, జాయింట్లు వదులవుతాయట. తీసుకున్నది రెండొందలు. నాలుగు రోజులైంది. ఇవాళ గోడ మీద రెండే కనపడ్డాయి. లోపల మిగిలినవి కూడా వచ్చి పోవాలి కాబట్టి ఇంకో రెండు వారాలు వారానికోసారి రుద్దమన్నాడు.

పిలవక తప్పదనుకుంటే లైసెన్సు చూపించమనండి, పురుగుల మందు కొట్టే వ్యాపారానికి అది ఉండాలి. బిల్లు మీద మందు పేరు రాయించుకోండి. జాలీ ఎత్తకపోతే డబ్బులివ్వకండి. నా దగ్గర బిల్లు లేదు, చేత్తో రాసిన కార్డు, ఫోన్ పే స్క్రీన్‌షాట్ ఉన్నాయి. వాటితోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నాను.

ఇతనికి డబ్బులిచ్చినవాళ్లు ఎంతిచ్చారో చెప్పండి. ఎదురింటావిడకి ఇదే పనికి పద్దెనిమిది వందలే చెప్పాడట.