ఎక్కువ తిరిగిన కారు కొంటున్నారా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడనిదే బయానా ఇవ్వకండి

పాత కారు అమ్మకంలో మోసం అనగానే మనకు మీటరు వెనక్కి తిప్పడమే గుర్తుకు వస్తుంది. నేను కొన్న కారు మీటరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పెట్రోలు కారని అమ్మినవారే ముందుగా చెప్పారు, సర్వీసు కాగితాలు కూడా ఆ అంకెతో సరిపోయాయి. వారు దాచింది ఇంజిన్ అరుగుదలను. అందుకోసం ఒక్క అబద్ధమైనా ఆడవలసిన అవసరం వారికి కలగలేదు కనుకనే ఈ హెచ్చరిక రాస్తున్నాను.

నేను చూడటానికి వెళ్ళేసరికి ఇంజిన్ వేడిగా ఉంది. ఇప్పుడే కడిగించి తెచ్చామన్నారు. ఆయిల్ మట్టం చూసే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను తీసి చూస్తే ఆయిల్ లేత పసుపు రంగులో, కొత్తగా మార్చినట్టు తెలుస్తూనే ఉంది. నడిపి చూసినప్పుడు పొగ లేదు, చప్పుడు లేదు, పికప్ కూడా పరవాలేదనిపించింది. తయారీదారు ఆ ఇంజిన్‌కు 5డబ్ల్యూ-30 అనే పలచటి రకం ఆయిల్ వాడమంటే, అందులో పోసినది ఆముదంలా చిక్కటి ఆయిల్ అని తరువాత వర్క్‌షాపులో దించినప్పుడు గాని బయటపడలేదు.

ఈ ఏర్పాట్లు ఎందుకు పనిచేస్తాయో కొనేవారు తెలుసుకోవాలి. వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే సీల్స్ అరిగిన ఇంజిన్‌లో రాత్రంతా ఆయిల్ కొద్దికొద్దిగా సిలిండర్‌లోకి జారి, ఉదయం మొదటిసారి స్టార్ట్ చేయగానే నీలి పొగగా బయటికి వస్తుంది. ఆ కాస్త ఆయిల్ కాలిపోయాక ఇక ఏమీ కనిపించదు. బేరింగులు అరిగి ఉంటే, ఆయిల్ ప్రెషర్ పూర్తిగా అందేలోపు వచ్చే కొట్టుడు శబ్దం కూడా ఆ మొదటి క్షణాల్లోనే వినిపిస్తుంది. మనం రాకముందే ఇంజిన్‌ను వేడి చేస్తే ఈ రెండు ఆధారాలూ పోతాయి. ఇక చిక్కటి ఆయిల్, పిస్టన్ చుట్టూ ఉండే అరిగిన రింగుల సందుల్లోంచి తక్కువగా పైకి ఎక్కుతుంది, ప్రెషర్‌ను పెంచి చూపిస్తుంది, చప్పుళ్ళను అణచివేస్తుంది. దీనికి తోడు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కొద్దిపాటి ఆయిల్ పొగను తనలోనే కాల్చేస్తుంది కనుక, పొగ కనిపించలేదు కాబట్టి ఇంజిన్ ఆయిల్ తాగడం లేదని అనుకోవడానికి వీల్లేదు.

కొన్నాళ్ళకే డిప్‌స్టిక్‌పై ఆయిల్ కింది గీతకు చేరింది. కారు నిలిపిన చోట నేలపై ఒక్క చుక్క కూడా లేదు. తయారీదారు చెప్పిన ఆయిల్‌తో లోటు భర్తీ చేయగానే అసలు రంగు బయటపడింది. పొగ ఉదయంపూటకే పరిమితం కాకుండా, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వచ్చింది. చలిలో వచ్చి కాసేపట్లో పోయే తెల్లటి ఆవిరిని దీనితో కలపకండి, అది మామూలు తేమ. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ తీపి వాసనతో వస్తూనే ఉంటే కూలెంట్ లోపలికి పోతున్నట్టు, అది వేరే జబ్బు.

వర్క్‌షాపులో స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పారు. మూడింటి కొనలు పొడిగా ఉండగా మూడవ సిలిండర్‌ది మాత్రం నల్లగా, ఆయిల్ తడితో మెరుస్తోంది. ఇంధనాన్ని, ఇగ్నిషన్‌ను ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండుగా చార్జ్ అయిన బ్యాటరీతో ఇంజిన్‌ను తిప్పి కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లో నొక్కుకుపోయే గాలి ఒత్తిడిని, గేజ్‌తో కొలిచారు. మిగిలినవి 160, 170 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) మధ్య ఉంటే మూడవది 105 దగ్గర ఆగింది. ఆ ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలవగా ముల్లు 150 దాకా లేచింది. పోసిన ఆయిల్ రింగుల సందును తాత్కాలికంగా మూస్తుంది కనుక, అంకె పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో (సిలిండర్ లోపలి గోడలోనో) ఉన్నట్టు. పెరగకపోతే వాల్వులనో, సిలిండర్లపై మూతలా ఉండే హెడ్ కింది గ్యాస్కెట్‌నో అనుమానించాలి. ఈ పరీక్షలో అంకె ఎంత పెద్దదన్న దానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. 10 నుంచి 15 శాతం మించిన తేడా ఉంటే తేలికగా తీసుకోకూడదు. అన్నీ సమానంగా తక్కువ చూపిస్తే మాత్రం ఇంజిన్‌ను తిట్టేముందు బ్యాటరీని, గేజ్‌ను చూడటం న్యాయం.

డీజిల్ కారుకు ఈ గేజ్ పనికిరాదు, దాని కంప్రెషన్ చాలా ఎక్కువ కాబట్టి ప్రత్యేకమైన గేజ్ కావాలి. డీజిల్‌లో ఆయిల్ నల్లగా ఉండటం సహజం. ఎక్కువ తిరిగిన డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ మరీ శుభ్రంగా కనిపిస్తేనే, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని అడగాలి.

సంగతి చెప్పినప్పుడు అమ్మినవారు, "రెండు లక్షలు తిరిగిన బండి ఆయిల్ తాగదా?" అన్నారు. తాగాలన్న నియమం ఏమీ లేదు. సకాలంలో ఆయిల్ మారుస్తూ హైవే మీద తిప్పిన ఇంజిన్ అంత దూరం తరువాత కూడా గట్టిగా ఉండవచ్చు, ఎప్పుడూ పూర్తిగా వేడెక్కకుండా చిన్న చిన్న దూరాలకే తిప్పినది సగం దూరానికే అరగవచ్చు.

కాబట్టి కారు చూడటానికి వెళ్ళేముందే, రాత్రి నుంచి స్టార్ట్ చేయకుండా ఉంచమని ఫోన్‌లో చెప్పండి. వెళ్ళగానే బానెట్ ఎత్తి ఇంజిన్‌పై చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని తిరిగి వచ్చేయండి. స్టార్ట్ చేసేటప్పుడు మీరు సైలెన్సర్ వెనుక నిలబడండి, తాళం వేరొకరిని తిప్పనివ్వండి. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి, పొగ దమ్ములు దమ్ములుగా తన్నుకొస్తోందేమో చూడండి. కంప్రెషన్ పరీక్ష మీ మెకానిక్ చేత, మీ ఖర్చుతోనే చేయించండి. ప్లగ్గులు విప్పితే ఇంజిన్ పాడవుతుందని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. ప్లగ్గులు విప్పి మార్చడం మామూలు సర్వీసులో భాగమే.

చాలా వాదన తరువాత అమ్మినవారు కొత్త రింగుల ధర ఇస్తామన్నారు, నేను ఇంకా ఒప్పుకోలేదు. బోరు పై భాగంలో, పై రింగు పైకి వెళ్ళి మళ్ళీ కిందికి మళ్ళే చోట అరుగుదల అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. హెడ్ విప్పి, అక్కడా కిందా వ్యాసాన్ని కొలిచి, బోరు గుండ్రతనం ఎంత తప్పిందో చూస్తే గాని రింగులు సరిపోతాయో, బోరును కోయించి వెడల్పు చేసి పెద్ద సైజు పిస్టన్లు వేయాలో తేలదు. ఆ కొలతలు కాగితంపై రావడం కోసం ఎదురుచూస్తున్నాను.