కృష్ణ ఒడ్డున రెండు రాత్రులు

కార్తీక మాసంలో కనకదుర్గ అమ్మవారి దర్శనానికి వస్తున్నామని హనుమకొండ నుంచి మామయ్య ఫోన్ చేసినప్పుడు, ఆయన వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఉదయం బెజవాడలో రైలు దిగడం, కొండ ఎక్కి దర్శనం చేసుకోవడం, గుంటూరులో మా ఇంట్లో భోజనం చేసి రాత్రి రైలుకు తిరిగి వెళ్ళడం. రెండు రోజులు ఉండమని అడిగితే, "ఇంకేముందమ్మా అక్కడ చూసేది, కొండ ఎక్కి దిగడమే కదా" అన్నారు. ఆ మాట నన్ను గుచ్చుకుంది. చదువుకునే రోజుల్లో గుంటూరు నుంచి రోజూ కృష్ణ మీది బ్యారేజీ దాటి వెళ్ళినదాన్ని, ఆ నీటిని వేల సార్లు చూసినదాన్ని. అయినా బెజవాడలో ఒక్క రాత్రి కూడా గది తీసుకుని ఉండలేదని అప్పుడే తట్టింది. వచ్చేవాళ్ళు రాత్రి ఉండని ఊరికి, ఎంతమంది వచ్చినా మిగిలేది తక్కువ. అందుకే మామయ్యను, అత్తయ్యను ఒప్పించి, నేనూ మావారూ కూడా యాత్రికులలాగే రెండు రాత్రులు అక్కడ ఉన్నాము.

దర్శనం గురించి ఎక్కువ చెప్పను. మామూలు రోజు కావడంతో తెల్లవారగానే వరుసలో నిలబడి రెండు గంటల్లో బయటికి వచ్చాము. ప్రసాదం పులిహోర చేతిలో పెట్టుకుని మెట్లు దిగుతూ చుట్టూ చూస్తే, మాతో పాటు దర్శనం చేసుకున్నవారిలో ఎక్కువమంది బస్టాండుకో, రైల్వే స్టేషనుకో ఆటో మాట్లాడుకుంటున్నారు. దసరాలో మూలా నక్షత్రం రోజున ఈ కొండ కిందికి ఎంత జనం వస్తారో ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. అంత జనమూ పూలకు, కొబ్బరికాయలకు, ఆటోకు, ఒక పూట టిఫినుకు ఇచ్చినదే ఊరికి మిగిలే సొమ్ము.

కొండ కిందనే ఉన్న నీటిని మొదటిసారి చూసినవారు దాన్ని నది అనుకోరు, సరస్సు అనుకుంటారు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952 వరదలో తెగిపోయాక, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 1,223.5 మీటర్ల పొడవు, 70 గేట్లతో ఉన్న ఈ కట్టడం వెనక దాదాపు 3 టీఎంసీల నీరు నిలిచి, ఎగువన ఇబ్రహీంపట్నం దాకా అలలు లేని అద్దంలా పరుచుకుని ఉంటుంది. అయితే ఈ నీటి మీద మొదటి హక్కు యాత్రికులది కాదు. డెల్టాలోని సుమారు 13 లక్షల ఎకరాలు, నగరం తాగే మంచినీరు, ఇబ్రహీంపట్నంలోని థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇవన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. పడవ షికారు వీటన్నింటి తరువాత వచ్చేది. ఇక్కడ పర్యాటకం గురించి మాట్లాడేవారెవరైనా ఈ వరుసను మరిచిపోతే, మిగిలిన లెక్కలన్నీ తప్పుతాయని నా నమ్మకం.

మొదటి రాత్రి భవానీపురం వైపు, నదికి ఎదురుగా ఉన్న ఒక బసలో గది తీసుకున్నాము. అద్దె 2,600 రూపాయలు. గది సాదాసీదాగానే ఉంది, మంచం పక్కన సామాను పెట్టుకునే చోటు కూడా సరిగ్గా లేదు. కానీ తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు, వాటి మీద భవానీ ద్వీపం చెట్ల నీడలు. అత్తయ్య కుర్చీ బయటికి లాక్కుని చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. తెల్లవారుజామున లేచి చూస్తే, పుట్టి వేసుకుని వల తీస్తున్న ఒక జాలరి తప్ప నీటి మీద మరెవరూ లేరు. ఇంత పెద్ద నీటి ఒడ్డున, కిటికీలోంచి నీళ్ళు కనిపించే గదులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉండడం నాకు బాధ కలిగించింది. నగరంలో హోటళ్ళకు కొదవ లేదు. ఎంజీ రోడ్డులోనూ, బెంజి సర్కిల్ చుట్టూ, గాంధీనగర్‌లోనూ వందల గదులున్నాయి. అవన్నీ వ్యాపారం పని మీద వచ్చేవారి కోసం కట్టినవి, నదికి వీపు పెట్టి నిలబడినవి.

రెండో రాత్రి కావాలనే రైల్వే స్టేషనుకు దగ్గరలో ఒక పాత లాడ్జికి మారాము. 1,500 రూపాయలు అడిగారు. దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కగట్టే పద్ధతి యాత్రికులకు నిజంగా మేలు చేస్తుంది, వేళగాని వేళ రైలు దిగేవారికి మరీను. కానీ వేడినీళ్ళు ఉదయం గంటసేపే వస్తాయన్న సంగతి డబ్బు కట్టించుకున్నాక చెప్పారు, దుప్పట్లు రెండుసార్లు అడిగితే తప్ప మార్చలేదు. అరవై ఏళ్ళు దాటినవారిని తీసుకుని వెళ్ళేవారు లిఫ్టు పనిచేస్తోందో లేదో కళ్ళారా చూసి మరీ గది తీసుకోవాలి. రెండింటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, అద్దె ఎక్కువైనా నది ఒడ్డునే ఉండమంటాను. ఆ తేడా సొమ్ముకు దొరికేది మరే గదిలోనూ దొరకదు.

భవానీ ద్వీపానికి పున్నమి ఘాట్ నుంచి పడవ ఎక్కాము. ద్వీపం విస్తీర్ణం 133 ఎకరాలు. పిల్లలు ఆడుకునే చోట్లు, నడిచే దారులు, పెద్ద చెట్లు ఉన్నాయి. కార్తీకం కనుక ఎక్కడ చూసినా చాపలు పరిచి వనభోజనాలు చేస్తున్న కుటుంబాలే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చినప్పుడు ఈ ద్వీపం మునిగింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొని వాటి బరువు దిమ్మెలను పగలగొట్టిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ద్వీపం మీద ఏది కట్టినా, ఏది నాటినా వరదను తట్టుకునేలా ఉండాలి, లేదంటే వరద ముందు విప్పి ఒడ్డుకు చేర్చగలిగేలా ఉండాలి. సిమెంటు కట్టడాల కంటే చెట్లకూ నీడకూ పెట్టే ఖర్చే ఇక్కడ నిలుస్తుంది. మేము చూసినంతలో జనం కూర్చున్నది కూడా చెట్ల కిందనే.

పడవలో మాకు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నాకిచ్చినదానికి ఒక పట్టీ తెగి ఉంటే చెప్పగానే మార్చారు. పెద్దవాళ్ళు కొందరు ఉక్కపోస్తుందని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు, పడవ సిబ్బందిలో ఒకరు వచ్చి మళ్ళీ కట్టించారు. ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. 2017 నవంబరు 12న, ఇలాంటి కార్తీక మాసంలోనే, గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవారు. ఆ దుర్ఘటన తరువాత చాలా కాలం మా ఇళ్ళలో పిల్లలను పడవ ఎక్కనివ్వలేదు. నీటి మీద బతికే ఊరికి ఒక్క పడవ మునిగితే, ఆ ఏడాది రాబడే కాదు, జనానికున్న నమ్మకం కూడా మునుగుతుంది. అందుచేత జాకెట్టు, ఎక్కే మనుషుల లెక్క, పడవకు అనుమతి, ఈ మూడూ చూడకుండా ఎవరు పిలిచినా ఎక్కవద్దని మనవి.

పడవ నడిపే మనిషి ఒకరితో మామయ్య చాలాసేపు మాట్లాడారు. ఎగువ నుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు, గేట్లు ఎత్తితే పడవలు ఆపేస్తారు, వరద తగ్గి అనుమతి వచ్చేదాకా ఇంట్లోనే ఉండాలి. కొన్ని ఏళ్ళలో అది వారాల తరబడి సాగుతుంది. వానాకాలంలో ఇలా ఆగి, ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఎవరూ రాక, చివరికి ఏడాది సంపాదన కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఉన్న నెలల మీద పడుతుంది. "అన్ని రోజులూ ఉండే పని కాదు సార్ ఇది, అయినా నీళ్ళు వదిలి పోలేం" అని ఆయన అన్నాడు. 2024 నవంబరు 9న ఇదే పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపారు; అంతకు ముందు నెలలో ఇక్కడే 5,500 డ్రోన్లతో ప్రదర్శన జరిగింది. వాటిని చూసి నేనూ సంతోషించాను. కానీ ఈ పడవ మనిషికి పని లేని రోజుల్లో పని చూపించే ఏర్పాటు ఏదైనా జరిగితే, దాన్ని అంతకంటే పెద్ద అభివృద్ధి అంటాను.

ఇక్కడ ఉదయపూర్ మాట చెప్పక తప్పదు, ఎందుకంటే మేము రెండేళ్ళ క్రితం అక్కడికి వెళ్ళినప్పుడు నాలుగు రాత్రులు ఉండిపోయాము. 2011 లెక్కల ప్రకారం ఉదయపూర్ జనాభా దాదాపు నాలుగున్నర లక్షలు, బెజవాడ జనాభా పది లక్షలకు పైన. ఆ ఊళ్ళోని పిఛోలా సరస్సు కూడా మనిషి కట్టిన కట్ట వెనక నిలిచిన నీరే. దాని మధ్యనున్న రాజభవనం 1963 నుంచి హోటలుగా నడుస్తోంది. అయితే నన్ను ఆకట్టుకున్నది అది కాదు. గన్‌గౌర్ ఘాట్ పక్కనున్న బాగోర్ కీ హవేలీలో రోజూ సాయంత్రం ఏడు గంటలకు, గంటసేపు రాజస్థానీ నృత్యాలు ప్రదర్శిస్తారు. ఆ గంట కోసం యాత్రికులు సాయంత్రం బస్సు మానుకుంటారు. మానుకున్నవారు రాత్రి భోజనం చేస్తారు, గది తీసుకుంటారు, మరునాడు పొద్దున్నే సందుల్లో తిరిగి చిన్న బొమ్మల చిత్రాలు కొంటారు. పాత ఇళ్ళవారు మేడ మీద నాలుగు గదులు సర్ది అద్దెకిస్తారు. అక్కడి బతుకంతా పర్యాటకమే అనడం కూడా సరికాదు. జింకు గనులూ చలువరాయి వ్యాపారమూ ఆ ప్రాంతానికి పెద్ద అండ. బెజవాడకు రైల్వే జంక్షనూ ఆటోనగరూ వస్త్రలత బట్టల మార్కెట్టూ ఎలాగో, అలాగే. ఒకటి మాత్రం తేడా: చీకటి పడ్డాక కూడా యాత్రికుణ్ణి ఉంచేదేదో వారు ప్రతిరోజూ తప్పకుండా నడుపుతున్నారు.

మనకు అలాంటిది లేకపోవడం కళ లేక కాదు. కూచిపూడి గ్రామం ఇక్కడి నుంచి రెండు గంటల దూరం కూడా ఉండదు. సాయంత్రం కృష్ణమ్మకు హారతి ఇస్తున్నప్పుడు మామయ్య చేతులు జోడించి కదలకుండా నిలబడ్డారు. హారతి అయిపోగానే జనం లేచి వెళ్ళిపోయారు, ఏడున్నరకల్లా ఘాట్ ఖాళీ. 2016 పుష్కరాలకు కట్టిన మెట్లు అలాగే విశాలంగా ఉన్నాయి. ఆ మెట్ల మీద రోజూ గంటసేపు కూచిపూడి పిల్లలు భామాకలాపమో, తరంగమో ఆడితే ఎవరు లేచి వెళ్తారు? పక్కనే మంగళగిరి చీరలవారికీ, పెడన కలంకారీవారికీ నాలుగు బల్లలు వేసుకునే చోటిస్తే, ఊళ్ళో హోటళ్ళకు కూడా ఆ రాత్రి మేలే. 2024-29 విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ హోదా పెద్ద పెట్టుబడులకు ఎంత ఉపయోగపడుతుందో, మెట్ల మీద బల్ల వేసుకునే మనిషికి కూడా అంతే ఉపయోగపడాలని కోరుకుంటాను.

తిండి విషయంలో ఎవరికీ బెంగ అక్కర్లేదు. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్న వేసి పెడితే, మామూలుగా రెండు తినే అత్తయ్య నాలుగు తిన్నారు. బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు వెళ్ళినప్పుడు, ఒకే కొండరాతిలో మలిచిన శయన విష్ణువును చూసి బయటికొచ్చి జామకాయలు కొనుక్కున్నాము. ఆటోల సంగతి మాత్రం ముందే మాట్లాడుకోవాలి. ఒకే దూరానికి వెళ్ళేటప్పుడు 150, వచ్చేటప్పుడు 300 అడిగారు. ఘాట్‌లన్నింటినీ, ఉండవల్లినీ కలిపి తిరిగే ఒక చిన్న బస్సు ఉంటే ఈ బేరం బాధ తప్పుతుంది.

మూడో రోజు కొండపల్లి వెళ్ళాము. రెండు రాత్రులు ఉన్నందువల్లనే ఇది కుదిరింది. ఉదయం వచ్చి రాత్రికి వెళ్ళిపోయేవారికి ఆ ఇరవై చిల్లర కిలోమీటర్లు ఎప్పటికీ అందవు. బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి, తెల్లపొణికి కర్రను ఎలా ఆరబెడతారో, చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి చింతగింజల ముద్దతో ఎలా అతికిస్తారో చూపించారు. పొణికి చెట్లు దొరకడం కష్టమవుతోందన్నదే వారి పెద్ద దిగులు. వీరి పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు. ఉదయపూర్ సందుల్లో మేము చూసిన రంగులు ఇక్కడ మళ్ళీ కనిపించినట్టు అనిపించింది. ఆ ఇంటి పెద్దావిడ, "దసరాకు కొలువుల కోసం కొంటారమ్మా, తరువాత దుకాణాలవాళ్ళ ఆర్డర్లే. ఇలా ఇంటికొచ్చి కూర్చుని చూసి కొనేవాళ్ళు తక్కువ" అన్నారు. ఇంటి దగ్గర కొన్న బొమ్మ సొమ్ము నేరుగా చెక్కిన చేతికే వెళ్తుంది. అత్తయ్య దశావతారాలు తీసుకున్నారు. మామయ్య బేరమాడకుండా గీత కార్మికుడు ఎక్కుతున్న తాటిచెట్టు తీసుకున్నారు. వాళ్ళ ఊరి చెరువు గట్టు మీద అలాంటివి ఉండేవట.

సాయంత్రం స్టేషనులో రైలు వచ్చేలోపు ఆయన ఆ బొమ్మను కాగితాల్లోంచి రెండుసార్లు తీసి, అతుకులు ఊడలేదు కదా అని చూసుకున్నారు. తరువాత, కృష్ణా పుష్కరాలు మళ్ళీ ఎప్పుడని అడిగారు. 2028లో అని చెప్పాను. "అయితే ఇప్పుడే గది చెప్పి ఉంచమ్మా, ఆ నీళ్ళ ఎదురుగా ఉన్నదే. మీ అత్తయ్య మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవాలంటోంది" అన్నారు. పుష్కరాల రోజుల్లో ఆ ఒడ్డున గది దొరకడం ఎంత కష్టమో ఆయనకు ఎలా చెప్పాలో తెలియక, ప్రయత్నిస్తానని మాత్రం అన్నాను.