ఎలక్ట్రిక్ బ్లాంకెట్ కొనేవాళ్ళకి, ఇంట్లో అది ఉన్నవాళ్ళకి జాగ్రత్త హెచ్చరిక: ముందు మడతల దగ్గర చూడండి

నేరుగా విషయానికి వస్తాను. ఆన్‌లైన్‌లో కొన్న ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఒకటి మా అమ్మ దాని మీద పడుకుని ఉండగానే లోపల మాడిపోయింది. మంట రాలేదు, పొగ కూడా పెద్దగా లేదు, అమ్మ మడమ మీద ఒక బొబ్బతో సరిపోయింది. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు, రాసినా పెద్దగా ఉపయోగం లేదు కూడా, ఎందుకంటే అదే బ్లాంకెట్, అదే కంట్రోలర్ వేరే వేరే లేబుళ్ళతో బోలెడుమంది అమ్ముతున్నారు. పేరు కంటే ఏం చూసి కొనాలి, ఇంట్లో ఉన్నదాన్ని ఎలా పరీక్షించుకోవాలి అన్నది చెప్తాను.

మొదటి చలికాలం అంతా బాగానే పనిచేసింది. అప్పుడు రివ్యూ రాసి ఉంటే అయిదు స్టార్లు ఇచ్చేదాన్ని. మీరు చూసే రివ్యూల్లో ఎక్కువభాగం అలాంటివే, పార్సిల్ విప్పిన వారంలో "సూపర్, వెచ్చగా ఉంది" అని రాసినవి. వెచ్చగా ఉండకుండా ఎలా ఉంటుంది, కరెంటు పారితే ఏ తీగైనా వేడెక్కుతుంది. అసలు సంగతి రెండో చలికాలంలో బయటపడుతుంది. చలి తగ్గాక దాన్ని అది వచ్చిన జిప్ కవర్లోనే పెట్టాం, వాళ్ళు పంపిన మడతల ప్రకారమే. ఆ కవర్ ఎంత చిన్నదంటే గట్టిగా నొక్కి మడిస్తే తప్ప జిప్ పడదు.

మళ్ళీ చలి మొదలయ్యాక తీసి పరిచాం. ఒక రాత్రి నాన్న నిద్రలోంచి లేచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందని లైటు వేశారు. కంట్రోలర్ మీద ఎర్ర లైటు ఎప్పటిలాగే వెలుగుతోంది, అన్నిటికంటే తక్కువ వేడి మీదే ఉంది. ప్లగ్గు పీకేసి చూస్తే పైకి ఏమీ లేదు. తిరగేశాం. పాదాల వైపు, సరిగ్గా మడత గీత మీద గోధుమ రంగు మచ్చ, మధ్యలో నలుపు, వేలితో నొక్కితే బట్ట పొడిపొడిగా రాలింది. పరుపు మీది దుప్పటికీ అదే చోట అదే మచ్చ. తర్వాత అమ్మ చెప్పిన మాట ఏంటంటే, ఆ రాత్రి తను కదిలినప్పుడల్లా అది చల్లబడి, మళ్ళీ దానంతటదే వేడెక్కుతూ ఉందట. "ఆటోమేటిక్ అన్నారు కదే, ఇదే కాబోలు అనుకున్నా" అంది. ఈ ఒక్క లక్షణం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కదిలితే చల్లబడి మళ్ళీ వేడెక్కుతోందంటే అది ఆటోమేటిక్ కాదు, లోపల తీగ తెగి, తెగిన కొసలు ఒకదానికొకటి తగులుతూ వదులుతూ ఉన్నాయని. అలా తగిలి వదిలినప్పుడల్లా అక్కడ స్పార్క్ వస్తుంది.

మర్నాడు మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో దాన్ని కోయించి చూశాం (వాడుకలో ఉన్నదాన్ని మీరు కోయొద్దు, ఇది ఎలాగూ పారేసేదే). లోపల ఉండేది ఒక మెత్తటి దారం, దాని చుట్టూ చుట్టిన సన్నటి హీటింగ్ తీగ, పైన ప్లాస్టిక్ పొర. కట్టుతీగని ఒకే చోట అటూ ఇటూ వంచుతుంటే ఎలా తెగుతుందో ఇదీ అంతే, ఒకే గీత మీద పదే పదే మడిస్తే లోపల తెగుతుంది, పైన బట్టకి ఏమీ తెలియదు. మా దాంట్లో తెగిన చోట రెండు కొసలూ నల్లగా మాడి, చుట్టూ ప్లాస్టిక్ బొగ్గయి ఉంది.

ఆయన చూపించిన రెండో సంగతి నన్ను ఇంకా భయపెట్టింది. సరైన బ్లాంకెట్లలో హీటింగ్ తీగతో పాటే ఇంకో తీగ పొడుగునా వెళ్తుంది, సెన్సర్ లాగా. రెండిటి మధ్య ఒక ప్రత్యేకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఏ చోట వేడి హద్దు దాటినా అక్కడ ఆ పొర లొంగిపోయి కరెంటు రెండో తీగలోకి పాకుతుంది, కంట్రోలర్ అది పసిగట్టి సప్లై కట్ చేస్తుంది. అంటే కాపలా తీగ పొడుగునా ఉంటుంది. పాతరకం వాటిలో బట్టలో అక్కడక్కడా వేడి మించితే కరెంటు ఆపే చిన్న థర్మోస్టాట్లు కుట్టేవాళ్ళు, వాటి పక్కన వేడెక్కితేనే అవి పనిచేస్తాయి. మా దాంట్లో సెన్సర్ తీగా లేదు, థర్మోస్టాటూ లేదు. కంట్రోలర్ విప్పితే ఒక స్విచ్చి, కరెంటుని ఒకవైపే పోనిచ్చే ఒక డయోడ్, ఒక లైటు. లిస్టింగ్‌లో మాత్రం "ఓవర్‌హీట్ ప్రొటెక్షన్" అని పెద్ద అక్షరాలు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న, "ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆగిపోయే మెయిన్ బోర్డు స్విచ్చి) ఉంది కదా, అది పడిపోదా?" అని. పడిపోదు. 230 వోల్టుల మీద 100 వాట్ల బ్లాంకెట్ లాగేది అర ఆంపియర్ కన్నా తక్కువ. మీ బోర్డులో ఎంసీబీ 6 ఆంపియర్లదో 16 ఆంపియర్లదో ఉంటుంది. తీగ తెగి స్పార్క్ వస్తున్నప్పుడు కరెంటు పెరగదు, సరికదా తగ్గొచ్చు కూడా. ఎంసీబీకి అంతా మామూలుగానే కనిపిస్తుంది. షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ మంచిదే, పెట్టించుకోండి, కానీ అది చూసేది కరెంటు బయటికి లీకవుతోందా అని మాత్రమే, ఒకచోట బట్ట మాడుతోందా అని కాదు. "ఐరన్ బాక్స్ వెయ్యి వాట్లు, ఇది వందే కదా" అనే లెక్క కూడా తప్పు. ఐరన్ బాక్స్ గాలిలో ఉంటుంది, మనం చేత్తో పట్టుకుని చూస్తూ ఉంటాం. ఇది పరుపుకీ ఒంటికీ మధ్య, పైన రజాయి కప్పి, మనం నిద్రపోతుండగా పనిచేస్తుంది. వేడి పోవడానికి దారి లేనప్పుడు వంద వాట్లు చాలు.

ఇంకో కోపం ఉంది నాకు. లిస్టింగ్ ఫొటోల్లో ఒక ముసలావిడ మోకాళ్ళు కప్పుకుని నవ్వుతూ ఉంది, ఇంకో ఫొటోలో చంటిపిల్ల. "కీళ్ళ నొప్పులకి, షుగర్ పేషెంట్లకి మంచి ఉపశమనం" అని రాశారు. అది చూసే అమ్మకి కొన్నాం, తనకి షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తక్కువ. డబ్బాలో సూచనల కాగితం లేదు. కంప్లయింట్ పెట్టాక వాళ్ళే మెయిల్‌లో పంపిన కాగితంలో ఏముందంటే, వేడి తెలియనివాళ్ళు వాడకూడదు, చిన్నపిల్లలకి వాడకూడదు! ఫొటోలో ఒకటి, కాగితంలో ఇంకోటి. కాగితంలో రాసిందే నిజం. వేడి వల్ల గాయం కావడానికి మంట అక్కర్లేదు. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల ప్రకారం 44 డిగ్రీల వేడి చర్మానికి ఆగకుండా తగిలితే దాదాపు 6 గంటల్లో కాలిన గాయమవుతుంది. 44 డిగ్రీలంటే చేత్తో కాసేపు ముట్టుకుంటే అంత ప్రమాదంగా అనిపించదు. స్పర్శ బాగున్న మనిషి నిద్రలో కాలు పక్కకి జరుపుతాడు, స్పర్శ లేనివాళ్ళు, నిద్రమాత్ర వేసుకున్నవాళ్ళు, మందు తాగి పడుకున్నవాళ్ళు, తమంతట తాము కదల్లేనివాళ్ళు జరపరు. అమ్మ బొబ్బ మానడానికి చాలా టైం పట్టింది, షుగర్ ఉన్నవాళ్ళకి పాదం మీద గాయమంటే ఎంత టెన్షనో తెలిసినవాళ్ళకి తెలుసు.

అమ్మినవాళ్ళతో నడిచిన కథ క్లుప్తంగా. మొదట "మీరు మడిచి పెట్టారు, అది వాడకంలో లోపం" అన్నారు. మీరు పంపిందే మడిచి కదా, మడవకుండా ఆ కవర్లో ఎలా పడుతుంది అని ఫొటో పెడితే జవాబు లేదు. తర్వాత ఇంకొకరు ఫోన్ చేసి చాలా మర్యాదగా, సగం డబ్బు వెనక్కిస్తాం, ఫొటోలున్న రివ్యూ తీసేయండి అన్నారు. తీయనన్నాను. మాడిన ముక్క, కంట్రోలర్, డబ్బా, బిల్లు అన్నీ దాచిపెట్టాను. మీకు ఇలాంటిది జరిగితే వాళ్ళు "పార్ట్ వెనక్కి పంపండి, చూసి చెప్తాం" అంటారు, ఫొటోలు, వీడియో తీయకుండా మాత్రం పంపకండి, పంపాక మీ చేతిలో ఆధారమంటూ ఉండదు.

ఇంకా కొనాలనే ఉంటే ఇవి చూడండి. ఇలాంటి వేడి దుప్పట్లకి, ప్యాడ్లకి ఐఈసీ 60335-2-17 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. లేబుల్ మీదో సూచనల కాగితంలోనో ఆ నంబరుకి పరీక్ష చేయించినట్టు ఉందా, తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రస్, మోడల్ నంబర్, వోల్టేజీ, వాట్లు ఉన్నాయా చూడండి. సీఈ గుర్తు (యూరప్ నిబంధనలకి సరిపోతుందని వేసేది) ఒక్కటే చూసి మోసపోవద్దు, ఇలాంటి కరెంటు సామాన్లకి అది సాధారణంగా తయారీదారు తనకు తానే ఇచ్చుకునే హామీ, బయటి ల్యాబ్ పరీక్ష చేసిందని కాదు. అమెరికాకి చెందిన యూఎల్ లాంటి గుర్తయితే బయటి సంస్థ పరీక్షించి ఇచ్చేది, అదీ నంబరుతో సరిచూసుకోవాలి, గుర్తు ప్రింట్ చేయడం ఎవడికైనా తేలికే. దానంతటదే ఆగిపోయే టైమర్ ఉన్నదే తీసుకోండి, వచ్చిన రోజే మెలకువగా ఉండి అది నిజంగా ఆగుతోందో లేదో చూడండి. పరుపు మీద పరిచేది వేరు, పైన కప్పుకునేది వేరు. కింద పరిచేదాన్ని కప్పుకోకూడదు, కప్పుకునేదాన్ని కింద వేసుకుని పడుకోకూడదు. సూచనల కాగితం లేని డబ్బా వస్తే ప్లగ్గు కూడా పెట్టకుండా వెనక్కి పంపేయండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈరోజే పగటి వెలుతురులో పూర్తిగా పరిచి, రెండు పక్కలా చూడండి. మచ్చలు, బట్ట అరిగి తీగ కనిపించడం, తీగలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉండ కట్టడం, కంట్రోలర్ వైరు బట్టలోకి వెళ్ళే చోట రంగు మారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక వాడొద్దు. రిపేరు చేయించుకుందాం, టేపు చుడదాం అనే ఆలోచన వద్దు, ఈ తీగని అతకడం ఇంట్లో అయ్యే పని కాదు. అరచెయ్యి ఆనిస్తూ మొత్తం తడిమితే ఉండలు తెలుస్తాయి. ప్లగ్గు పెట్టి కాసేపయ్యాక ఒకచోట మరీ వేడిగా, పక్కనే చల్లగా ఉన్నా అదే మాట. పైకి బాగానే ఉన్నా పదేళ్ళు దాటిందాన్ని మార్చేయమనే అగ్నిమాపక శాఖలు సలహా ఇస్తాయి. వేరేవాళ్ళు వాడి ఇచ్చింది, సెకండ్ హ్యాండ్‌ది అసలు తీసుకోవద్దు, దాన్ని ఎలా మడిచారో మనకి తెలియదు.

దాచేటప్పుడు మడవకండి, వదులుగా చుట్టండి, లేదా వాడని మంచం మీద పరిచి ఉంచి పైన బరువు పెట్టకండి. వాడేటప్పుడు పరుపు కిందకి దోపొద్దు, పిన్నీసులు గుచ్చొద్దు, ముడుచుకుపోయి ఉంటే ఆన్ చేయొద్దు. తల వైపు, కాళ్ళ వైపు పైకి లేపే మంచం మీద వద్దు, తీగ మధ్యలో నలుగుతుంది. వేడినీళ్ళ బ్యాగ్ దీంతో కలిపి వాడొద్దు, కారిందంటే కరెంటు, నీళ్ళు ఒకేచోట. తడిస్తే ఆరబెట్టడానికి ఆన్ చేయడం ఆత్మహత్యే. ఉతకొచ్చని రాసి ఉంటే వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే ఉతకండి, డ్రై క్లీనింగ్‌కి మాత్రం ఇవ్వొద్దు, ఆ ద్రావకాలు తీగ మీది పొరని పాడుచేస్తాయి. పిల్లి, కుక్క పక్కమీదకి ఎక్కే ఇళ్ళలో గోళ్ళ సంగతి చూసుకోండి. ప్లగ్గు గోడ సాకెట్‌లోకే, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కాదు. కంట్రోలర్ దిండు కిందకి వెళ్ళకూడదు, అదీ వేడెక్కుతుంది.

నన్నడిగితే వీటన్నిటికంటే పెద్ద రక్షణ ఒకటే, పడుకునే ముందు పరుపు వేడెక్కనిచ్చి, పక్కమీదకి ఎక్కేటప్పుడు ప్లగ్గు పీకేయడం. కంట్రోలర్ మీద ఆఫ్ చేయడం కాదు, ప్లగ్గు పీకడం. రాత్రంతా వాడొచ్చని రాసినవాటిలో మంచివి ఉండొచ్చు, మా ఇంట్లో మాత్రం ఇక ఆ పని జరగదు.

వాసన వస్తే మొదట ప్లగ్గు తీయండి, ప్లగ్గు ఉండగా నీళ్ళు పోయకండి. మంట కనిపించకపోయినా మనుషుల్ని గదిలోంచి బయటికి పంపేయండి, ఫోమ్ పరుపు లోపల్లోపల రాజుకుంటే వచ్చే పొగ విషం, పైకి ఆరినట్టున్నా గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు. పొగ ఆగకపోతే ఫైర్ వాళ్ళని పిలవండి, మీరే ఆర్పుతూ కూర్చోకండి. చర్మం కాలితే చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి, ఐసు, టూత్‌పేస్టు ఏవీ పూయొద్దు, షుగర్ ఉన్నవాళ్ళయితే చిన్న బొబ్బయినా డాక్టర్‌కి చూపించండి.

మాకొచ్చిన రకం గుర్తుపట్టడానికి: బూడిద రంగు బట్ట, తెల్ల కంట్రోలర్, మూడు చుక్కల మధ్య పక్కకి జరిపే స్విచ్చి, ఎర్ర లైటు, వైరు బట్టలోకి నేరుగా కుట్టేసి ఉంటుంది, ఊడదీసే కనెక్టర్ లేదు, వెనకాల స్టిక్కర్ మీద వోల్టేజీ తప్ప వేరే ఏమీ లేదు. నిన్న చూస్తే ఆ లిస్టింగ్ కనపడలేదు, అదే కంట్రోలర్ ఉన్న నీలం రంగుది ఇంకో పేరుతో ఉంది, ఆ నవ్వే ముసలావిడ ఫొటోతోనే.