కార్డ్‌లెస్ మిషన్ కొంటున్నారా? వారంటీ కాగితంలో బ్యాటరీ లైను చదివాకే డబ్బులు కట్టండి

ఇంటీరియర్ పనులు, ఎలక్ట్రికల్ పనులు చేసే మిత్రులకూ, ఇంట్లో వాడుకోవడానికి డ్రిల్ మిషన్ కొనాలనుకుంటున్న వాళ్లకూ ఈ పోస్టు. డబ్బా మీద పెద్దక్షరాలతో ‘1 ఇయర్ వారంటీ’ అని ఉంటుంది చూడండి, చాలాసార్లు అది మిషన్ బాడీకి మాత్రమే. బ్యాటరీ సంగతి లోపల మడతపెట్టిన కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొన్ని కంపెనీలు బ్యాటరీకి ఆరు నెలలే అంటాయి. కొన్నయితే డ్రిల్ బిట్లు, కార్బన్ బ్రష్‌లతో పాటు బ్యాటరీని కూడా అరిగిపోయే సామాను కింద లెక్కేసి చేతులు దులుపుకుంటాయి. సెట్టు ఖరీదులో పెద్ద వాటా బ్యాటరీలదే కదా, మరి వారంటీ దేనికిచ్చినట్టు?

నా సంగతి చెప్తాను. విజయవాడలో ప్లైవుడ్ పనులు చేయిస్తుంటాను. ఆన్‌లైన్‌లో ఒక కాంబో తీసుకున్నాను. డ్రిల్ మిషన్, ఇంపాక్ట్ డ్రైవర్ (స్క్రూలు బిగించేది), 18 వోల్టుల 4 ఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీలు రెండు, ఛార్జర్ ఒకటి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. బ్యాటరీకి వారంటీ ఉండగానే ఒకటి మొండికేసింది. ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైటు గబగబా కొట్టుకోవడం తప్ప ఛార్జింగ్ ఎక్కదు. అమ్మినవాళ్లేమో రిటర్న్ గడువు అయిపోయింది, కంపెనీని అడుక్కోండి అన్నారు. కంపెనీ వాళ్లు సర్వీస్ సెంటర్‌కు వెళ్లమన్నారు.

కౌంటర్ దగ్గరున్న కుర్రాడు బ్యాటరీ ప్లస్, మైనస్ పిన్నులకు మల్టీమీటర్ పెట్టాడు. 14 వోల్టులు చూపించింది.

“ఇది డీప్ డిశ్చార్జ్ సార్. ఖాళీ అయ్యాక ఛార్జింగ్ పెట్టకుండా వదిలేశారు. వారంటీలో రాదు.”

“రోజూ సైటులో వాడే బ్యాటరీని ఎక్కడ వదిలేస్తానయ్యా?”

“కంపెనీ రూల్ సార్, మా చేతుల్లో ఏం లేదు.”

జాబ్ షీటు మీద ‘కస్టమర్ మిస్‌యూజ్’ అని రాసి సంతకం పెట్టమన్నాడు. ‘నేను ఒప్పుకోవడం లేదు’ అని పక్కన రాసి సంతకం పెట్టి, కాపీ తెచ్చుకున్నాను. మీరూ అలాగే చేయండి. నోటిమాటతో తిప్పి పంపిస్తే రేపు మన చేతిలో ఆధారం ఉండదు.

ఇంతకీ ఆ 14 వోల్టుల లెక్కేంటో చూడండి. 18 వోల్టుల బ్యాటరీలో లిథియం సెల్స్ ఐదు వరసగా ఉంటాయి, ఒక్కోటి 3.6 వోల్టులు. నిండా ఛార్జ్ అయితే ఒక్కోటి 4.2, మొత్తం 21. (అందుకే ఇదే బ్యాటరీని ఒకరు 18 అంటారు, ఒకరు 20 మ్యాక్స్ అంటారు, ఇంకొకరు 21 అంటారు. ఎక్కువ పవర్ అనుకుని మురిసిపోకండి.) 4 ఏహెచ్ అయితే సాధారణంగా ఒక్కో సెల్ బదులు జత ఉంటుంది, మొత్తం పది. ఐదు జతలూ సమానంగా దిగి 14కు వచ్చాయంటే ఒక్కోటి 2.8 దగ్గరున్నట్టు, అంటే నిజంగానే అడుగంటినట్టు. కానీ నాలుగు జతలు 3.5 దగ్గర శుభ్రంగా ఉండి ఒక్కటే చచ్చిపోయినా మీటరు అదే 14 చూపిస్తుంది. అది ఖాళీగా వదిలేయడం వల్ల వచ్చింది కాదు, సెల్‌లోనో లోపలి సర్క్యూట్ బోర్డులోనో తేడా.

నా బ్యాటరీకి ప్లస్, మైనస్ మధ్యలో ఇంకొన్ని సన్న పిన్నులున్నాయి. ఒక్కో జత వోల్టేజ్ వాటి మీదే దొరుకుతుంది, డబ్బా విప్పక్కర్లేదు. ఈ-బైక్ బ్యాటరీలు బాగుచేసే తెలిసినబ్బాయి దగ్గర కొలిపించాను. నాలుగింటికి 3.5, చివరిదానికి 0.1. సీరియల్ నంబరు కనపడేలా వీడియో తీశాను. నిమిషం పట్టని ఈ పరీక్ష సర్వీస్ సెంటర్‌లో ఎందుకు చేయరో వాళ్లకే తెలియాలి.

బ్యాటరీని మాత్రం విప్పించకండి. స్క్రూ మీది సీలు చిరిగిందంటే ఇక వాళ్లకు వేరే సాకు అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపే వీలు కూడా ఉంది, అప్పటికి అది చెక్కు చెదరకుండా ఉండాలి. ఇంకో మంచి బ్యాటరీకి వైర్లు కలిపి ‘బూస్ట్’ ఇచ్చి లేపుతామనే వాళ్లుంటారు, వాళ్ల జోలికి అసలు పోవద్దు. బాగా కిందికి దిగిపోయిన లిథియం సెల్ లోపల రాగి కరిగి పేరుకుంటుంది, మళ్లీ ఛార్జ్ ఎక్కిస్తే లోపలే షార్ట్ అయి మంటలు రావచ్చు. షెడ్డులో రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకునే కుర్రాళ్లున్నారు, అదీ నా టెన్షన్.

అన్ని కంపెనీలూ ఇంతే అనను. నా స్నేహితుడి దగ్గర ఇంకో కంపెనీ మిషనుంది. వాళ్లు బిల్లు, సీరియల్ నంబరు చూసి, బ్యాటరీని టెస్టర్‌లో పెట్టి, సెల్ పోయిందని వాళ్లే చెప్పి కొత్తది చేతిలో పెట్టారు. వారంటీ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే గడువులో తేడా లేదు. తేడా అంతా ఎవరు, ఎలా పరీక్షిస్తారన్న దగ్గరే ఉంది. అందుకని కొనేముందే మీ ఊరి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ‘బ్యాటరీ ఛార్జ్ ఎక్కకపోతే ఏం చేస్తారు, ఇక్కడే చూస్తారా, హైదరాబాద్ పంపుతారా, ఎన్నాళ్లు పడుతుంది’ అని అడగండి. వాళ్లు నసిగితే ఇంకో కంపెనీ చూసుకోండి. ఒక బ్రాండ్ బ్యాటరీ ఇంకో బ్రాండ్ మిషన్‌కు ఎక్కదు కాబట్టి, మొదట ఏది కొంటే ఏళ్ల తరబడి దానికే కట్టుబడిపోతాం.

“అమెరికాలో మా బావమరిది ఉన్నాడు, అక్కడ బ్యాటరీకి 3 ఏళ్ల వారంటీ” అని కొందరు తెప్పించుకుంటున్నారు. నిజమే, అక్కడ మకీటా, ర్యోబీ లిథియం బ్యాటరీలకు 3 ఏళ్లు ఇస్తారు. కానీ అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందనుకోకండి. పైగా అక్కడి ఛార్జర్లు ఎక్కువగా 120 వోల్టులవి, మన 230లో పెడితే పొగే. విమానంలో విడి బ్యాటరీని చెక్-ఇన్ సూట్‌కేసులో వేయనివ్వరు, చేతి సంచిలోనే తేవాలి. 100 వాట్ అవర్ (వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే వచ్చేది) దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 18 వోల్టుల 5 ఏహెచ్ బ్యాటరీ 90 వస్తుంది, 6 ఏహెచ్ అయితే 108.

ఇక ‘48 వీఎఫ్’, ‘88 వీఎఫ్’ అని స్టిక్కర్లేసి చౌకగా అమ్మే బ్యాటరీలున్నాయి. లోపల చూస్తే మామూలుగా అవే ఐదు సెల్స్, అదే 21 వోల్టులు. లిథియం బ్యాటరీ లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకపోతే ఇంకో మూడొందలు తగ్గిస్తానంటే ఆ మూడొందలు వదులుకోండి. థర్మల్ బిల్లు కొన్ని నెలలకే వెలిసిపోతుంది, ఆ రోజే ఫొటో తీసిపెట్టుకోండి.

నా ఫిర్యాదు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో పెట్టాను. వాళ్లు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతవరకే వాళ్ల పని. జవాబు వచ్చింది: ‘గుడ్‌విల్ కింద కొత్త బ్యాటరీ సగం ధరకు ఇస్తాం’ అట. వారంటీలో ఉన్న వస్తువుకు సగం ధర ఏమిటని వద్దన్నాను. ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. జాబ్ షీటు కాపీ, బిల్లు, వీడియో సిద్ధంగా ఉన్నాయి. కమిషన్ ఏం చెప్పిందో ఆర్డరు రాగానే కంపెనీ పేరుతో సహా పెడతాను.